నానిన ఇటుకల బరువు

ఎదురింటివాళ్ళు తొట్టిలో ఇటుకలు నానబోశారు. ఎండిన మట్టి నీళ్ళు తాగేటప్పుడు వచ్చే ఆ వాసన కిటికీలోంచి రాగానే నాలో లెక్క మొదలవుతుంది: ఒక కుడిచెయ్యి, ఒక ఎండాకాలం పని మొత్తం, నలుగురు మేస్త్రీల దగ్గర ఉన్న మంచిపేరు. ఇవన్నీ నాగరత్నం అత్త పోగొట్టుకున్నవి.

తొంభైల చివర్లో మా నాన్న బందరులో ఇళ్ళు కట్టే మేస్త్రీ. వేసవి సెలవుల్లో ఆయనకి క్యారేజీ తీసుకుని నేనూ పని దగ్గరికి వెళ్ళేదాన్ని. సముద్రపు గాలికి చెమట ఆరి ఒంటిమీద ఉప్పు కట్టేది. సరుగుడు కర్రల పరంజా కింద కూర్చుని తాటిముంజెలు తింటూ, తలమీది గుడ్డ చుట్టగుదురు మీద ఇటుకలు పేర్చుకుని ఏటవాలు బల్ల ఎక్కే ఆడవాళ్ళు ఎన్నిసార్లు ఎక్కారో గోడమీద బొగ్గుతో గీతలు గీయడం నా ఆట. మనిషికి ఎనిమిది ఇటుకలు, అది అక్కడి వాడుక. వాళ్ళలో ఒకరైన నాగరత్నం మాకు చుట్టం కాదు, అయినా నాకు అత్తే. "ఏమే లెక్కల పంతులమ్మా, ముంజెతో పాటు నా గీత కూడా మింగేశావా?" అని ఏడిపించేది.

ఐదో తరగతి బుర్రతో ఒకరోజు కనిపెట్టాను: ఎనిమిది వందల ఇటుకలు ఎనిమిదేసి మోస్తే నూరుసార్లు, పదేసి మోస్తే ఎనభై. పచారీకొట్టులో ఒక ఇటుక తూయించాను కూడా. మూడు కిలోలు. ఇంకో ఆరు కిలోలే కదా అనుకున్నాను. "చూశారా మా అమ్మాయి తెలివి!" అని కొట్టాయన దగ్గర మురిసిపోయి నాన్న ఆ పూటే పదేసి పెట్టమన్నాడు. నేను తూయించింది ఎండిన ఇటుక. పైకి వెళ్ళేవి నానినవి. పదీ కలిసి ముప్పై అయిదు కిలోలకి తగ్గవు.

మూడోసారి బల్లమీద ఉండగా అత్త మెడలో ఏదో కటుక్కుమంది. ఇటుకలు జారిపడ్డాయి, ఆమె పరంజా కర్ర పట్టుకుని కూలబడింది. ఆ కుడిచెయ్యి మళ్ళీ భుజం పైకి లేవలేదు. నాన్న మాత్రం అందరితో, "తొందరగా ఇంటికెళ్ళాలని ఆవిడే ఎక్కువ ఎత్తుకుంది" అన్నాడు. ఆ ఎండాకాలమంతా ఏ మేస్త్రీ ఆమెని పనికి పిలవలేదు.

అమ్మ ఇచ్చిన సున్నుండలు తీసుకుని అత్త వాళ్ళింటికి వెళ్ళాను. పక్కన వేరే మేస్త్రీ దగ్గర పనిచేసే ఇద్దరు కూలీ ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. అత్త ఎడంచేత్తో డబ్బా అందుకుంటూ అడిగింది:

"నేనే ఆశపడి ఎత్తుకున్నానంటున్నారే. పదేసి పెట్టమంది మీ నాన్నే కదా? నువ్వక్కడే ఉన్నావుగా, వీళ్ళకి చెప్పు."

"నేను చూడలేదత్తా" అన్నాను.

ఇప్పుడు ఇళ్ళకి ఇటుక, సిమెంటు అంచనాలు కట్టివ్వడమే నా పని. చుట్టగుదుళ్ళు పోయాయి, ఏటవాలు బల్లలు పోయాయి, ఇటుకల్ని మోటారు పైకి లాగుతోంది. నాన్నా లేడు. అత్త అవనిగడ్డలో కూతురి దగ్గర ఉంది, బస్సులో గంటంపావు. ఆమెకి చెప్పాల్సిన నిజాలు రెండు: పదేసి అన్న లెక్క నాది, నాన్న పెట్టమనడం నేను చూశాను. ఇన్నేళ్ళలో ఒక్కటీ చెప్పలేదు. రెండూ బాకీయే.