పచ్చబొట్టు ఏ బుగ్గ మీద?

మొన్న కరీంనగర్‌లో మా ఇంటి కిటికీలకు రంగులు వేయించాం. సాయంత్రం పని ముగించి రంగులు వేసే ఆయన కుంచెలను టర్పెంటైన్‌లో ఆడిస్తుంటే, ఆ వాసన వరండా దాటి, హాలు దాటి, నేను పుస్తకం పట్టుకుని పడుకున్న మంచం దాకా వచ్చింది. మా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని "జర లేశి తలుపులన్న తీయరాదు?" అంది. నేను లేవలేదు. కళ్ళు మూసుకున్నాను. నిర్మల్‌లో మా చిన్నమ్మ ఇంటి ముందు హాలు, వానాకాలపు ఆదివారం మధ్యాహ్నం, గూనపెంకుల మీద సన్నటి తుంపర, టర్పెంటైన్‌తో నల్లరంగు తుడుచుకుంటున్న పిల్లల వేళ్ళు, అన్నీ ఆ వాసన వెనకే వరసగా వచ్చి మంచం చుట్టూ కూర్చున్నాయి.

చిన్నమ్మ అంటే మా అవ్వకు చెల్లెలు. మా దిక్కు అమ్మను అవ్వ అనే పిలుస్తాం. చిన్నమ్మ బడిలో డ్రాయింగ్ టీచరుగా రిటైరై, ఇంట్లో ఖాళీగా కూర్చోలేక, ప్రతి ఆదివారం ముందు హాల్లో చాపలు పరిచి బొమ్మలు నేర్పేది. కొయ్యబొమ్మలకూ బంగారు రంగు పటాలకూ పేరున్న ఊళ్ళో మళ్ళీ నువ్వేం నేర్పుతావని ఎవరైనా అడిగితే "గవి షోకేసుల పెట్టుకునే బొమ్మలు. నాయి పుస్తకాల పెట్టుకునేటియి" అనేది. కథలకు బొమ్మలు వేయడం, ఆ బొమ్మను రబ్బరు షీటు మీద చెక్కి, రంగు పూసి, కాగితం మీద అచ్చు తీయడం ఆమె చదువు. షీట్లు చెప్పులు కుట్టే ఆయన దగ్గరి నుంచి వచ్చేవి. అచ్చు యంత్రం లేదు. రంగు పూసిన షీటు మీద కాగితం పరిచి, స్టీలు గరిటె వీపుతో ఓపికగా రుద్దేవాళ్ళు. మా చిన్నమ్మ ఇంట్లో పప్పు గరిటె ఏదో, అచ్చు గరిటె ఏదో చిన్నాయనకు చివరిదాకా తెలియలేదు. రెండు మూడుసార్లు పప్పులో నల్లరంగు తిన్నానని ఆయన చెప్పేవాడు, అదీ కొంత గర్వంగానే.

అప్పట్లో నేను నిర్మల్ దగ్గర ఒక పత్తి జిన్నింగు మిల్లులో పనిచేస్తుండేవాణ్ణి. పదో తరగతితో బడి ఆగిపోయింది. ఆ తర్వాతి చదువంతా లైబ్రరీది, ఆ మాట చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ ఛాతీ కాస్త ముందుకొస్తుంది. అంతకుముందు జమ్మికుంటలో ఉన్నప్పుడు లైబ్రరీ బీరువాకు ఒక మూల మొదలుపెట్టి ఇంకో మూల దాకా చదువుకుంటూ పోయాను. తేనెటీగల మీది పుస్తకం అయిపోగానే కంటి జబ్బుల మీది పుస్తకం చదివాను. ఎందుకంటే బీరువాలో దాని పక్కన అదే ఉంది. ఈ అలవాటును చిన్నమ్మ పనికి పెట్టింది. ఆదివారం నేను లైబ్రరీ నుంచి ఒక కథ తేవాలి, పైకి చదవాలి, పిల్లలు దానికి బొమ్మ వేయాలి. "కథల చెప్పింది గీయకుండ్రి, చెప్పంది గీయుండ్రి" అనేది ఆమె. రాజు వేటకు వెళ్ళాడని కథలో ఉంటే, రాజు గుర్రానికి దాణా పెట్టే మనిషిని గీసిన పిల్లవాడికి ఆ రోజు రెండు మురుకులు దొరికేవి.

చదవడం అయ్యాక హాలంతా ఒక రకమైన మత్తు కమ్మేది. రబ్బరు మీద ఉలి జారే చప్పుడు, రంగులో రోలరు తిరుగుతుంటే పుట్టే చిటపట, బయటి వాన, ఏది ఎక్కడ మొదలవుతుందో చెప్పలేం. కాగితాన్ని ఒక మూల నుంచి పాల మీది మీగడ తీసినట్టు పైకి లేపేటప్పుడు మాత్రం అందరూ ఊపిరి బిగబట్టేవాళ్ళు. అచ్చులో బొమ్మ తిరగబడుతుంది, షీటు మీద కుడివైపున్నది కాగితం మీద ఎడమకు పోతుంది. అందుకని గీసిన కాగితాన్ని షీటు మీద బోర్లించి రుద్ది, బొమ్మను ముందే తిప్పి పెట్టుకోవడం చిన్నమ్మ నేర్పే మొదటి పాఠం.

ఆ క్లాసుకు పక్కింటి కోడలు కూడా వచ్చేది. పుట్టిల్లు బోథ్, అందుకే అందరికీ బోథ్ పిల్ల. తల్లి ఆ పిల్ల చిన్నతనంలోనే పోయింది. తమ్ముడు అప్పటికి చంకలో పిల్లవాడు. ఇద్దరినీ పెద్దమ్మ పెంచింది. తమ్ముడు పెద్దవాడై దుబాయి వెళ్ళాడు. తల్లికి ఒక్కటే ఫోటో ఉండేదట, అది ఒక వానాకాలం తడిసి, చీరా చేతులూ మిగిలి ముఖం చెదిరిపోయింది. తమ్ముడు సెలవు మీద వచ్చి, మళ్ళీ పోయేలోపు అవ్వ ముఖం ఎట్లుండెనో జర గీసివ్వు అక్కా అని అడిగాడు. ఆమెకు తప్ప ఆ ముఖం ఇంకెవరికి గీయడం వచ్చు? చెంప మీది పచ్చబొట్టు చుక్కతో సహా ఆమె గీసింది. ఎన్నో కాగితాలు చింపింది. చివరికి ఒక ముఖం కుదిరాక దాన్ని షీటు మీద బోర్లించి, ఆదివారాలు కూర్చుని, వెంట్రుక వెంట్రుకా చెక్కింది. చిన్నమ్మ ఒక్క గీతా దిద్దలేదు.

అచ్చు తీసే రోజున తమ్ముడూ పెద్దమ్మా బోథ్ నుంచి బస్సులో వచ్చారు. మర్నాడే అతని ప్రయాణం. తడి ఆరని కాగితాన్ని బోథ్ పిల్ల రెండు చేతులతో పట్టుకుని పెద్దమ్మ ముందు నిలబడింది. ముసలామె కొంగుతో కళ్ళు తుడుచుకుని చాలాసేపు చూసింది.

"ముక్కు గదే. కండ్లు గవే. పచ్చబొట్టు గటు గాదు బిడ్డా, గిటు ఉండె" అంది, వేలు కాగితం మీద ఎడమ పక్కకు చూపిస్తూ. చుక్క కుడి పక్కన ఉంది.

"కాదు పెద్దమ్మా. నేను గీసిన దిక్కే ఉండె. నాకు మంచిగ యాదికుంది."

"నా చెల్లె మొఖం నాకు తెల్వదా? నా ముంగటనే పొడిపించుకున్నది. సూది దిగినప్పుడల్లా నా చెయ్యి గిచ్చింది, గోళ్ళ గాట్లు ఎన్ని దినాలో ఉండె."

నేను జ్ఞాపకశక్తి మీద చదివిన ఒక పుస్తకం సంగతి ఎత్తబోయాను. చిన్నమ్మ నావైపు ఒక చూపు చూసింది, పుస్తకం మూసేశాను.

బోథ్ పిల్ల మళ్ళీ కాగితం వైపు చూసింది. "గిదే తప్పయితే ముక్కు మాత్రం అవ్వదేనా? కండ్లు అవ్వయేనా?" అంది మెల్లగా. "ఇన్నేండ్లు ఎవ్వర్నో అవ్వ అనుకున్ననేమో." కాగితం చాప మీద పెట్టి, షీటు ఒళ్ళోకి లాక్కుని ఉలి తీసింది. చుక్క చెక్కేయడానికి. అచ్చు పనిలో చెక్కేసింది మళ్ళీ అతుక్కోదు. తమ్ముడు "అక్కా" అన్నాడు.

చిన్నమ్మ వచ్చి ఆ మణికట్టు పట్టుకుంది. "ఆగు బిడ్డా. మీ అవ్వ నీకు యాదికొచ్చినప్పుడు ఏం చేస్తుంటది?"

"జడేస్తుంటది."

"నువ్వేడ కూసుంటుంటివి?"

"అవ్వ ముంగట. పీట మీద. గోడకు అద్దముండె. అద్దంల అవ్వను చూసుకుంట కూసుంటుంటి." మళ్ళీ అంది: "మిగతప్పుడు అవ్వ మొఖం పని మీదికే వంగి ఉండె. పొద్దుగాల చేనుకు పోతుండె. జడేసేటప్పుడే జర నిమ్మలంగ ఉండె."

చిన్నమ్మ నవ్వింది, ఎప్పుడూ నవ్వే నవ్వు కాదు. "నువ్వు మరువలే. నువ్వు చూసింది అద్దంల అవ్వను. అద్దంల మనిషి పక్కలు మారి కనబడుతది గద. మీ పెద్దమ్మ చూసింది ఎదురుంగ."

పెద్దమ్మకు ఆ మాట పూర్తిగా ఎక్కలేదని ముఖం చూస్తేనే తెలిసింది. చిన్నమ్మ షీటుకు మళ్ళీ రంగు పూయించి, బోథ్ పిల్ల చేతనే ఇంకో అచ్చు తీయించింది. అది తడిగా ఉండగానే దాని మీద తెల్ల కాగితం ఒకటి పరిచి, గరిటె ఆమె చేతికిచ్చి "రుద్దు, మెల్లగ" అంది. పైకాగితం లేపి తిప్పితే దాని మీద ముఖం ఉంది. పొగమంచులో నుంచి నడిచొస్తున్నట్టు లేత బూడిద రంగులో ఉంది. చుక్క ఎడమ పక్కన ఉంది.

పెద్దమ్మ ఆ కాగితం అందుకుని "వచ్చినవా" అంది. మాతో కాదు. వేలితో చుక్కను తాకింది, వేలికి కొంచెం నలుపు అంటింది. దాన్ని తుడుచుకోలేదు. తర్వాత తను పెంచిన ఆ కొడుకును పిలిచి, "గిది తీస్కపోరా. గిదే మీ అవ్వ" అంది.

అతను మొదటి అచ్చునూ, ఈ లేత అచ్చునూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. బస్సు టైము అవుతోందని పెద్దమ్మ సణిగింది. చివరికి ముదురు నలుపులో ఉన్న మొదటి కాగితాన్నే చుట్టసాగాడు. "నేను అవ్వను ఎట్లయిన చూడలే పెద్దమ్మా. నాకు అన్నం కలిపి పెట్టింది అక్క, జోకొట్టింది అక్క. అక్కకు కనబడ్డట్టే నాకు గావాలె."

"తలకాయ లేనోడు, మొండోడు" అంది పెద్దమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. "నాకైన గీ తెల్లగున్నది ఇయ్యుండ్రి."

బోథ్ పిల్ల వెంటనే ఇవ్వలేదు. ఆ లేత ముఖాన్ని మోకాళ్ళ మీద పెట్టుకుని, బడిలో కొత్త పాఠం చూసినట్టు చూస్తూ, "గీ దిక్కునుంచి అవ్వను నేనెన్నడు చూడనే లే. జరసేపు చూసుకోనీ" అంది. బస్సు వెళ్ళిపోయింది. ఇంకో బస్సు ఉంటుందని ఎవరో అన్నారు. చిన్నమ్మ లేచి అందరికీ చాయ్ పెట్టింది. పిల్లలు ఎవరి షీట్ల మీదికి వాళ్ళు వంగారు. బయట తుంపర ఆగిందో, కొనసాగిందో నాకు జ్ఞాపకం లేదు.

చిన్నమ్మ పోయి కొన్నేళ్ళయింది. దర్పణాల మీదా, కాంతి మీదా ఆ తర్వాత నేను ఇంకా కొన్ని పుస్తకాలు చదివాను, అన్నీ బాగానే ఉన్నాయి. ఒక్క సంగతి మాత్రం వాటిలో దొరకలేదు, అది ఆ హాల్లోనే తెలిసింది. ఏళ్ళు మనల్ని ఎంత దూరం నడిపించినా, పోయినవాళ్ళను మనం అప్పుడు కూర్చున్న చోటు నుంచే చూస్తుంటాం. అక్కడి నుంచి మనల్ని లేపడం కాలం వల్ల కూడా కాదు.