పైడమ్మకీ సత్యవతికీ మధ్య గోడ

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, జూన్ నెలలో, నన్ను విజయనగరం జిల్లాలోని ఒక చిన్న మండలానికి గృహనిర్మాణ శాఖ అసిస్టెంట్ ఇంజినీరుగా వేశారు. ఆ బదిలీ నేను అడిగి తెచ్చుకున్నదే. ఆ ఫిబ్రవరిలో నా భార్య చనిపోయింది. ఆమె సర్దిన ఇంట్లో ఒక్కడినే ఉండడం కన్నా తెలియని చోట ఉండడం సులువనిపించింది. గజపతినగరంలో ఒక వాటా అద్దెకు తీసుకుని, అక్కడి నుంచి బస్సులో మండలానికి వెళ్లి వచ్చేవాణ్ణి.

మా శాఖలో అసిస్టెంట్ ఇంజినీరును ఏఈ అంటారు. మండలంలో ప్రభుత్వ సాయంతో కట్టే ఇళ్లన్నిటికీ అతనే బాధ్యుడు. కింద వర్క్ ఇన్‌స్పెక్టర్లు, పైన డివిజన్‌కు డిప్యూటీ ఇంజినీరు. సాయం ఒకేసారి చేతికివ్వరు. పునాది లేచాక కొంత, గోడలు లేచాక కొంత, స్లాబు పడ్డాక మిగిలింది. ప్రతి దశలోనూ లబ్ధిదారు కట్టడం ముందు నిలబడాలి. మేము ఫోన్‌లో ఫొటో తీసి, ఆ స్థలం గుర్తుతో సహా పైకి పంపాలి. గడువులోగా పునాది ఫొటో వెళ్లకపోతే మంజూరు రద్దవుతుంది.

ఆ అక్టోబరులో వాయుగుండం పట్టి వాన విడవకుండా కురిసింది. మట్టిగోడల ఇళ్లు చాలా దెబ్బతిన్నాయి. తడిసిన గోడల కింద కుటుంబాలు ఉండకూడదని, ప్రభుత్వం సాయం ప్రకటించింది. కూలిన ఇంటికి కొత్త ఇల్లు. పెంకులు ఎగిరిన ఇంటికి చిన్న మరమ్మతు సాయం. నిలబడి ఉన్న ఇంటికి ఏమీ లేదు. నిబంధన కాగితం మీద చదివినప్పుడు అందులో నాకు తప్పేమీ కనిపించలేదు.

ఆ వైపు పల్లెల్లో ఇళ్లు వీధి పొడవునా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఇద్దరు పక్కవాళ్లకీ మధ్య ఒకటే మట్టిగోడ. దాన్ని ఉమ్మడి గోడ అంటారు. రెండిళ్ల దూలాలూ దాని మీదే ఆనుతాయి. నేను చెప్పబోయే ఇల్లు అలాంటిదే. ఇద్దరు అన్నదమ్ములు తండ్రి ఇంటిని పంచుకుని మధ్యన గోడ పెట్టుకున్నారు. అన్న అప్పలనాయుడు వ్యవసాయం చేస్తాడు. అతని భార్య పైడమ్మ. తమ్ముడు సింహాచలం విశాఖపట్నంలో తాపీపని చేస్తూ శనివారాలు ఇంటికి వస్తాడు. అతని భార్య సత్యవతి.

వానలో అన్నగారి భాగం కూలింది. వెనక గోడ పడి, కప్పు దాని మీద పడింది. తమ్ముడి భాగం చెక్కుచెదరలేదు. పైడమ్మ, భర్త, వాళ్ల ఇద్దరు ఆడపిల్లలు సత్యవతి పంచలోనే తలదాచుకున్నారు. పంచలో ఆ చివర పైడమ్మ పొయ్యి, ఈ చివర సత్యవతి పొయ్యి.

నేను మొదట వెళ్లిన రోజున, కూలిన భాగం కొలిచి, పూర్తిగా దెబ్బతిన్నదని రాసుకుంటూ ఉంటే సత్యవతి వచ్చి ఎదురుగా నిలబడింది.

“బాబూ, ఒక్కమాట అడుగుతాను, సెప్తారా? ఏటా ఎర్రమట్టి కలిపి గోడలు మెత్తింది నాను. ఎలకబొక్క కనబడితే పూడ్సింది నాను. వానలకి ముందర పెంకు సర్దించింది నాను. మా అప్ప పైడమ్మ ఒక్కేడైనా సేసిందేటి? ఇల్లు సూసుకున్నదానికేటీ లేదు. కూల్సుకున్నదానికి మేడ కడతారా?”

“మేడ కాదమ్మా, ఒక గది ఇల్లు” అన్నాను.

“స్లాబు పడితే మేడే బాబూ.”

పంచలోంచి పైడమ్మ గొంతు వినిపించింది. “ఒసే సత్తీ, నీకు కడుపుమంటగా ఉంటే మజ్జిగ తాగు.”

“మజ్జిగ ఏదప్పా? ఉన్నదంతా నీ పిల్లలే తాగేసినారు గదా.”

వీధిలో వాళ్లు నవ్వారు. నేను కొలతలు ముగించి వచ్చేశాను.

ఆ సాయంత్రం నా వాటాలో అన్నం వండుకుంటుంటే, గోడ అవతల ఇంటివాళ్లు భార్యాభర్తలు కూరలో ఉప్పు గురించి వాదించుకుంటున్నారు. నాకు వాళ్ల మీద అసూయ కలిగింది. ఆ నెలల్లో అది నాకు కొత్త కాదు. బస్సులో పక్క సీట్లో సంచీ కోసం కీచులాడుకునే దంపతుల మీద కూడా కలిగేది. సత్యవతిదీ ఇలాంటిదే అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే తేడా తెలిసింది. నాది పోగొట్టుకున్నవాడి అసూయ. ఆమె ఏమీ పోగొట్టుకోలేదు, కాపాడుకుంది. అందుకే ఆమెకు ఏమీ రాలేదు.

పైడమ్మ ఇల్లు మంజూరైంది. చిక్కు పునాది దగ్గర వచ్చింది. కొత్త ఇంటికి కందకం ఉమ్మడి గోడ వెంబడి తవ్వాలి. మట్టిగోడ పక్కన అంత లోతు తవ్వితే గోడ కాళ్లు కదిలిపోతాయి. గోడకు దూరంగా తవ్వితే గది వెడల్పు తగ్గి, పథకంలో చెప్పిన కనీస కొలత రాదు. మిగిలింది ఒకటే దారి. సత్యవతి వైపు దూలానికి గుంజలు పెట్టి, పాత గోడ తీసేసి, ఆ గీత మీదే ఇటుక గోడ కట్టడం. దానికి ఆమె ఒప్పుకుని సంతకం పెట్టాలి. అదంతా ఇద్దరు తోడికోడళ్లనూ కూర్చోబెట్టి చెప్పాను.

“నా గోడ నిలబడున్నాది. నిలబడ్డ గోడని నానెందుకు పడగొట్టుకోవాల?” అంది సత్యవతి.

న్యాయంగా చూస్తే ఆమె మాటలో తప్పు లేదు. శనివారం దాకా ఆగి సింహాచలాన్ని అడిగాను. “అది ఒప్పుకుంటే నాకేటి బాబూ” అని తువ్వాలు భుజాన వేసుకుని టీకొట్టు వైపు వెళ్లిపోయాడు. గడువు దగ్గర పడుతోంది. ఇటుక వచ్చి వీధిలో దిగింది. ఆ ఇటుకల పక్కనుంచే సత్యవతి రోజూ బోరు దగ్గరకు వెళ్లి నీళ్లు తెచ్చుకునేది. పైడమ్మ అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లకు తన స్లాబు ఎంత ఎత్తు ఉంటుందో చేత్తో చూపిస్తూ ఉండేదని వర్క్ ఇన్‌స్పెక్టరు చెప్పాడు. మాకు కావలసిన సంతకం అలా చూపిస్తే రాదని కూడా చెప్పాడు.

నవంబరులో మళ్లీ వాన పట్టింది. తెరిపిచ్చిన రోజున కబురు వచ్చింది. సత్యవతి ఇంటి పెంకులు గాలికి ఎగిరిపోయాయి, గోడ తడిసింది, తనకూ ఇల్లు రాయమంటోంది అని.

వెళ్లాను. లోపల చీకటిగా ఉండవలసిన గదిలో ఉమ్మడి గోడ పొడవునా వెలుతురు పడుతోంది. గోడకు పైన ఉండే పెంకుల వరస మొత్తం లేదు. గోడ పైభాగం నానిపోయి, నడుము దగ్గర పైడమ్మ స్థలం వైపు ఉబ్బింది. మిగతా కప్పులో ఒక్క పెంకు కూడా కదలలేదు. గది మూలన గోనెసంచి పరిచి, దాని మీద పెంకులు పేర్చి ఉన్నాయి. తుడిచి, ఒకదానిలో ఒకటి ఒదిగేలా పేర్చినవి. ఒక్కటి పగలలేదు. నా భార్య ప్రతి బదిలీకీ గిన్నెలు అలాగే పేర్చేది.

“ఎగిరిపోయిన పెంకులు ఇవేనా అమ్మా?” అని అడిగాను.

“అవునండి” అంది సత్యవతి, నా మొహం చూడకుండా.

గుమ్మంలో పైడమ్మ నిలబడి ఉంది. “ఎగిరిపోయినవి మళ్లీ ఎగిరొచ్చి మూలన కూకున్నాయేటే? బాబూ, నిచ్చెనేసుకుని అదే తీసింది. వాన రాకముందే తీసింది. నాను సూసేను.”

పైడమ్మ నోరు మెదపకుండా ఉంటే ఉమ్మడి గోడ వానకే పాడైందని తేలి, అడ్డు తొలగి, పునాది పని మొదలయ్యేది. గోడ తొలగితేనే పునాది పడుతుందని నేనే ఆమెకు చెప్పి ఉన్నాను. ఇప్పుడు మళ్లీ గుర్తు చేశాను.

“నా ఇల్లు ఆలీసమయితే అవనీండి బాబూ” అంది పైడమ్మ. “దానికి మాత్రం రాయకండి.”

సత్యవతి అప్పుడు తలెత్తింది. “నా పంచలో తొంగుని నా మీదే సెప్తావా అప్పా?”

పైడమ్మ గొంతు తగ్గించి అడిగింది. “అంత పని సేసినదానివి, నాలుగు పెంకులు బద్దలగొట్టి అక్కడ పడేయలేకపోయేవా? ఈయన నమ్మేవోడు గదా.”

“సేతులు రాలేదు” అంది సత్యవతి. పెంకుల పక్కనే నేల మీద కూర్చుంది.

ఇలాంటి చోట ఏఈ చేయవలసినవి రెండు. ఒకటి, చూసింది రాయడం. పెంకులు చేత్తో తీసినవని రాశాను. మరమ్మతు సాయానికి సిఫారసు చేయలేదు. రెండోది, మనుషులు ఉండే కట్టడం ప్రమాదకరంగా ఉంటే అక్కడికక్కడే ఖాళీ చేయించి, దాన్ని దించమని చెప్పడం. గోడ ఎలా తడిసినా అది ఇక నిలవదు. దాని పక్కన రెండు కుటుంబాలు పడుకుంటున్నాయి. అదీ రాశాను. గోడ దించాలని, దాని స్థానంలో పైడమ్మ ఇంటితో పాటు కట్టే ఇటుక గోడ మీదే సత్యవతి దూలం ఆనాలని చెప్పాను.

ఈసారి అడ్డం తిరిగింది పైడమ్మ. “నాకిచ్చిన ఇటుకల మీద దాని దూలమా?”

అప్పటిదాకా అప్పలనాయుడు అరుగు చివర కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. చుట్ట నోట్లోంచి తీసి, “ఇన్నాళ్లూ మనం తొంగున్నది ఎవులి దూలం కిందే?” అన్నాడు. మళ్లీ చుట్ట నోట్లో పెట్టుకున్నాడు.

పైడమ్మ పంచలోకి వెళ్లి తన చాపలు తీయడం మొదలుపెట్టింది. సత్యవతి లేచి గోడ పక్కనున్న బియ్యపు డబ్బా అవతలికి జరిపింది. ఒప్పుకున్నట్లు ఎవరూ నోటితో అనలేదు. సింహాచలం ఆ వారం పనికి పోకుండా ఉండిపోయి, గుంజలు నిలబెట్టి, గోడ దించి, అన్నతో కలిసి కందకం తవ్వాడు. పునాది ఫొటో గడువులోగా వెళ్లింది.

గోడ లేచాక పైడమ్మ తన వైపు సిమెంటు పూత పెట్టించి, అవతలి వైపు ఇటుక అలాగే వదిలేయించింది. సత్యవతి ఎర్రమట్టి తెచ్చి తన వైపు మెత్తడం మొదలుపెట్టింది. ఇటుక మీద మట్టి పట్టదమ్మా, ఎండితే రాలిపోతుంది అని చెప్పాను. “రాలితే మళ్లీ మెత్తుతాను బాబూ” అంది. తర్వాత వెళ్లినప్పుడల్లా చూశాను. రాలలేదో, రాలినప్పుడల్లా మెత్తిందో నాకు తెలియదు.

వేసవిలో స్లాబు పడింది. చివరి ఫొటోకు పైడమ్మ కొత్త చీర కట్టుకుని గుమ్మం ముందు నిలబడింది. వీధి ఇరుకు. ఎంత వెనక్కి జరిగినా పక్క గుమ్మం కూడా ఫొటోలో పడుతోంది. అంతలో సత్యవతి తల దువ్వుకుని వచ్చి తన గుమ్మంలో నిలబడింది. ఆమె తల మీద, పాత పెంకులే, వరస తప్పకుండా సర్ది ఉన్నాయి.

“బాబూ, దాన్ని తప్పుకోమనండి. ఫొటో నాది” అంది పైడమ్మ.

“నా గుమ్మంలో నాను నిలబడ్డాను. నిన్నేటి ముట్టుకున్నానా?” అంది సత్యవతి.

లబ్ధిదారు, ఇల్లు స్పష్టంగా కనిపించాలని నిబంధన. ఇంకెవరూ కనిపించకూడదని లేదు. ఇద్దరినీ కలిపే తీశాను. పైన ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చివరి విడత విడుదలైంది.

మా శాఖకు జరిగిన నష్టాన్ని కొలిచే పద్ధతి ఉంది. నష్టం జరగకుండా చేసిన పనిని కొలిచే పద్ధతి లేదు. అలాంటిది తయారు చేయడం ఏఈ చేతిలో పని కూడా కాదు. నా చేతిలో ఉన్నది వరస మార్చడం. ఆ తర్వాత ఏ ఊరికి వెళ్లినా కూలిన ఇంటికి వెళ్లే ముందు దాని పక్కన నిలబడి ఉన్న ఇంటి తలుపు తట్టేవాణ్ణి. ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదని మొదటే చెప్పేవాణ్ణి. లోపలికి వెళ్లి గోడలు చూసి, ఎవరు మెత్తారని, మట్టి ఎక్కడ నుంచి తెచ్చారని అడిగేవాణ్ణి. చెప్పేవారు. కొందరు చాలాసేపు చెప్పేవారు. నా మిగిలిన సర్వీసులో ఉమ్మడి గోడ దగ్గర ఆగిపోయిన ఇల్లు మరొకటి లేదు.