తొట్టి తేటపడిన ఆదివారం

మా అన్న ముందుగదిలో పెట్టుకున్న ఉప్పునీళ్ల అద్దాల తొట్టి అంటే మొదట్లో నాకు ఒళ్లు మంట. సముద్రం కూతవేటు దూరంలో ఉంటే, దాన్ని క్యాన్లతో మోసుకొచ్చి ఇంట్లో పోసుకోవడం ఏమిటి? కొడవలూరు నుంచి పుట్టింటికి వెళ్లినప్పుడల్లా ఈ మాట అనకుండా ఉండేదాన్ని కాదు. అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లేది.

"వాడు మంచం దిగింది దాన్ని చూసుకునే. నువ్వు గమ్మునుండు."

అది నిజమే. వరసగా రెండు రొయ్యల పంటలు తెల్లమచ్చ తెగులుతో పోయాక అన్న గుంటల వైపు వెళ్లడం మానేశాడు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. గుంటలు కౌలుకిచ్చేశాం. తరవాత ఎవరో స్నేహితుడి ఇంట్లో చూసి వచ్చి, చెన్నై షాపు నుంచి ఈ తొట్టి తెప్పించుకున్నాడు. అందులో లైటు పడితే విచ్చుకునే పగడపు ముక్కలు, గుప్పెడు నత్తలు, నారింజరంగు చేపల జంట, ఆ చేపలు దూరి పడుకోవడానికి మెత్తటి వేళ్లు చాచుకుని పువ్వులా ఊగే జీవి ఒకటి. వాటికి మేత వేయాలని పొద్దున్నే లేవడం మొదలుపెట్టాడు. గడ్డం గీసుకున్నాడు. అమ్మ కుటుంబ ప్రార్థనలో తొట్టిని కూడా చేర్చింది. నాకు నవ్వొచ్చినా ఆమెన్ అన్నాను.

నాచు వేసవిలో మొదలైంది. ముందు ఒక రాతి మీద పచ్చటి నూగు కనబడింది. అన్న పళ్ల బ్రష్షుతో తోమేశాడు. నేను మళ్లీ వెళ్లేసరికి అది అద్దం మీదికి పాకింది. ఆ తరవాత జుట్టులా పెరిగి, నీళ్లు కదిలినప్పుడల్లా పగడాల మీద వాలి వాటిని కప్పేసేది. ఇసుక మీద ఎర్రటి జిగట తెట్టు కట్టింది. గదిలో అడుగుపెడితే గుంట ఎండగట్టినప్పటి కంపు. ఆ కంపుకు అన్న గుమ్మంలోనే ఆగిపోయి, లోపలికి రాకుండా వెనక్కి తిరగడం నా కళ్లతో చూశాను. నాకు భయం వేసింది. ఇది కూడా పోతే ఈ మనిషి మళ్లీ గోడవైపు తిరుగుతాడు, ఈసారి ఎవరు పిలిచినా లేవడు. ఇంట్లో అందరి మనసులోనూ అదే ఉంది.

మేత తగ్గించండి, లైటు తగ్గించండి, నీళ్లు కొంచెం కొంచెంగా మారుస్తూ ఓపిక పట్టండి, మందులు మాత్రం వేయొద్దు అని షాపువాళ్లు ఫోన్లో చెప్పారు. అన్నకు అదొక వైద్యంలా అనిపించలేదు. మావైపు గుంటకు ఏం వచ్చినా ఏదో ఒకటి చల్లాల్సిందే. చల్లకుండా గట్టు మీద నిలబడి చూసేవాణ్ణి చేతకానివాడంటారు.

"ఓపిక పట్టే గదా పాపా రెండు పంటలు పోగొట్టుకున్నా. ఈసారి ముందే ఏసేస్తా" అన్నాడు.

"ఏం వేస్తావన్నా?"

"మైలుతుత్తం. గుంటలో నాచుకు ఏసేదే గదా. చిటికెడు చాలు."

"షాపాయన వద్దన్నాడు గదా."

"ఆయన ఎప్పుడన్నా గుంట జూసినాడా?"

నీలం పలుకులు గ్లాసులో కరిగించి, తొట్టి చుట్టూ తిరుగుతూ సన్నటి ధారగా పోశాడు. గట్టు మీద నడిచిన రోజుల్లో అతని చేయి ఎలా ఉండేదో అలాగే ఉంది, ధార ఎక్కడా తెగలేదు. అమ్మ ముఖం వెలిగిపోతోంది. ఖాళీ గ్లాసు నేనే అందుకుని కడిగి పెట్టాను.

నాచు తెల్లబడి ఊడిపోయింది. అన్న చిన్న వలతో దాన్ని తోడి పారేశాడు. ఆదివారం ఆరాధన అయ్యాక బాబాయి, పిన్ని చూడడానికి వచ్చారు. అంత తేటనీళ్లు నేనెప్పుడూ చూడలేదు. తొట్టిలో నీళ్లున్నాయా లేవా అని తాకి చూడాలనిపించింది.

"అబ్బయ్యా, నీ హస్తవాసి నీకు మళ్లీ వచ్చినట్టే" అన్నాడు బాబాయి.

"కౌలు అయిపోతానే గుంటలు నేనే తీసుకుంటా బాబాయ్. ఈసారి రొయ్యపిల్ల నేనే ఏస్తా" అన్నాడు అన్న.

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఎన్నాళ్లకో అన్న పళ్లు కనబడేలా నవ్వుతుంటే నాకూ కడుపు నిండిపోయింది.

తరవాత తొట్టిలోకి సరిగ్గా చూశాను. చేపలు రెండూ పైన ఒక మూల చేరి నోళ్లు తెరిచి ఉన్నాయి. పువ్వులాంటి జీవి ముడుచుకుపోయింది. ఒక్క పగడమూ విచ్చుకోలేదు. ఎప్పుడూ అద్దం మీద పాకే నత్తలన్నీ ఇసుకలో వెల్లకిలా పడి ఉన్నాయి. చేయి పెట్టి ఒకదాన్ని తీశాను. కంపు కొట్టింది.

"అన్నా, ఇది చూడు."

అన్న దాన్ని నా చేతిలోంచి తీసుకుని వాసన చూశాడు. రొయ్య చచ్చిన వాసన అతనికి ఒకరు చెప్పాలా?

"మందు ఏసినాం గదా. తేరుకోడానికి టైం పడతాది" అన్నాడు, నా వైపు చూడకుండా.

"పిల్ల యాడ తెస్తావు?" బాబాయి వెనకనుంచి అడుగుతున్నాడు.

అన్న ఏదో హ్యాచరీ పేరు చెబుతూ, నత్తను నీళ్లలో ముంచి, లోపలివైపు అద్దానికి ఆనించి వదిలాడు. అది జారి ఇసుకలో పడింది. మళ్లీ తీసి ఆనించాడు. బాబాయి ఇంకేదో అడిగాడు, అన్న దానికీ జవాబు చెప్పాడు. ఈసారి మాత్రం నత్త మీదనుంచి వేలు తీయలేదు.