ఒత్తి పలకాల్సిన చోటు

భీమవరంలో రొయ్యల ఎగుమతి కంపెనీ ఆఫీసులో నేను చేరిన కొత్తలో, స్పెయిన్ నుంచి సరుకు కొనే ఒకావిడ ఫ్యాక్టరీ చూడ్డానికి వస్తున్నారని తెలిసింది. నేను సరదాకి స్పానిష్ పుస్తకం, సీడీ కొనుక్కుని చదువుతున్న సంగతి మేనేజరుగారి చెవిన పడింది.

"ఏమ్మా, ఆవిడ భాషలో నువ్వు స్వాగతం చెప్పగలవా?"

"చెప్తానండి" అనేశాను. ఇంటికెళ్ళగానే పుస్తకం ముందేసుకున్నాను.

చెప్పాల్సింది ఒక్క వాక్యమే: మా ఫ్యాక్టరీకి స్వాగతం. కానీ స్పానిష్‌లో ప్రతి మాటలోనూ ఏదో ఒక ముక్కని ఒత్తి పలకాలి. నేను పైకి వల్లిస్తుంటే, హైస్కూల్లో తెలుగు చెప్పే మా అమ్మ వంటింట్లోంచి వచ్చేసింది.

"ఏంటే అది, ఛందస్సులా ఉంది!"

పుస్తకం చూపించాను. అందులో ఒక మాట 'కొన్హెలాదో', అంటే గడ్డకట్టించినది, మా సరుకే. అమ్మ పెన్సిల్ తీసుకుని గురులఘువులు పెట్టేసింది.

"అలా కాదమ్మా. కొన్, హె, లా, దో. మాట చివర అచ్చు గానీ, న్ గానీ, స్ గానీ ఉంటే, చివరి నుంచి రెండో ముక్క ఒత్తాలి. ఇంకే హల్లు ఉన్నా చివరి ముక్కే. ఇక్కడ లా."

"అయితే ఈ ఫ్యాక్టరీ మాట, ఫాబ్రికాలో బ్రి ఒత్తాలిగా?"

"మొదటి అచ్చు మీద గీత ఉంది చూడు. గీత ఎక్కడుంటే ఒత్తు అక్కడే. బ్రి ఒత్తితే ఫ్యాక్టరీ కాస్తా 'తయారుచేస్తాడు' అయిపోతుంది."

"అమ్మ బాబోయ్! చిన్న గీతకి అంత పవరా!"

ఇక అమ్మని ఆపలేకపోయాను. ఒత్తు వచ్చిన చోటల్లా బల్ల మీద చరుస్తూ, కూర మాడేదాకా నాచేత చెప్పించింది.

ఆ రోజు స్పెయిన్ ఆవిడ కారు దిగగానే ఎదురెళ్ళాను. "బ్యెన్వెనీదా ఆ న్వెస్త్రా ఫాబ్రికా!"

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని గలగలా ఏదో అడిగారు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. వెంట వచ్చిన ఏజెంటు నవ్వుతూ చెప్పారు: "ఇంత బాగా ఎవరు నేర్పారని అడుగుతున్నారండి."

"మా అమ్మ" అన్నాను.

ఆ అమ్మని చూడాల్సిందేనన్నారావిడ. సాయంత్రం నిజంగానే ఏజెంటుతో మా ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ "భీమవరాం చాలా బాగుంది" అన్నారు ఇంగ్లీషులో. నాకు ఒళ్ళు పులకరించింది. మాట మ్‌తో ఆగింది కాబట్టి, వాళ్ళ లెక్క ప్రకారం చివరి ముక్కే ఒత్తాలి!

అమ్మ మాత్రం వదల్లేదు. "కాదండీ, ఏదీ ఒత్తకండి. భీ, మ, వ, రం."

ఆవిడ కప్పు పక్కన పెట్టి, పిల్లలా బుద్ధిగా మొదలుపెట్టారు.