కుర్చీ వద్దన్న నడుము

పోయిన నెలలో భీమడోలులో మా బావమరిది కొత్త ఇంట్లో పాలు పొంగిస్తున్నారంటే నేనూ మా ఆవిడా ఏలూరు నుంచి బస్సులో బయలుదేరాం. బస్సు కిటకిటలాడుతోంది. కాలేజీ పిల్ల ఒకతె నా నెరిసిన జుట్టు చూసి చటుక్కున లేచి, "తాతయ్యగారూ, కూర్చోండి" అంది. వద్దమ్మా, నాకు నిలబడితేనే సుఖం అన్నాను. మొహమాటం అనుకుని ఆ పిల్ల మళ్ళీ మళ్ళీ అడిగింది, పక్కనున్నవాళ్ళు కూడా వంత పాడారు. చివరికి మా ఆవిడే ఆ సీట్లో కూర్చుని, "ఆయన సంగతి నీకు తెలీదులేమ్మా. ఆయన్ని కూర్చోబెట్టాలని చూసినవాళ్ళందరూ ఓడిపోయారు" అని నవ్వేసింది.

ఆ మాట మనసులో తిరుగుతుంటే, ఇంటికొచ్చాక బీరువా మీదున్న పాత డైరీలు దించాను. ఇరవై రెండో ఏట మొదలుపెట్టి ఇప్పటిదాకా మానలేదు. నా ఈడువాళ్ళు డైరీలో వానలు, పెళ్ళిళ్ళు, ఎవరు పోయారన్నది రాసుకుని ఉంటారు. అవి నేనూ రాశాను గాని, దాదాపు ప్రతి పేజీలోనూ పైన ముందుగా ఇంకో మూడు సంగతులుంటాయి. లేచిన టైము, నడుము పట్టు వదిలిన టైము, వంగితే వేళ్ళు ఎందాకా అందాయన్నది. మోకాలు అని ఉంటే చెడ్డరోజు, పిక్క అంటే ఫర్వాలేదు, చీలమండ అని ఉంటే ఆ రోజు పండగే.

నాకు ఇరవై మూడో ఏడు నడుస్తుండగా ఒకనాటి పొద్దున్న మంచం మీంచి లేవబోతే నడుము నాది కానట్టు బిగుసుకుపోయి ఉంది. మా అమ్మ ఇసుక వేయించి మూటగట్టి కాపడం పెట్టింది, ఆముదం రాసింది, మిరియాల కషాయం తాగించింది. వీటిలో దేనివల్లా కాదు గాని, లేచి పెరట్లో అటూ ఇటూ తిరిగేసరికి నడుము మెల్లగా సడలి మధ్యాహ్నానికి మామూలు మనిషినయ్యాను. మర్నాడు మళ్ళీ అంతే. నా జబ్బులో చిక్కంతా ఇక్కడే ఉంది. లోకంలో ఏ నొప్పయినా విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది, నాది విశ్రాంతితో బిగుసుకుని పనితో వదులుతుంది. వాపు లేదు, జ్వరం లేదు, కుంటడం లేదు. పొద్దున్న మూలిగినవాడు సాయంత్రం సైకిలు తొక్కుతూ కనిపిస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? మా నాన్నగారే, "పని వేళకి వచ్చి భోజనం వేళకి పోయే నొప్పి రా నీది" అనేవారు. ఆ మాటకి ఇంటిల్లిపాదీ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి, నవ్వితే వెన్నులో కలుక్కుమనేది.

అప్పటికే తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లులో గుమాస్తాగా చేరాను. ఏలూరు నుంచి రోజూ పొద్దుటి పాసింజరులో వెళ్ళేవాళ్ళం పదిమందిమి. చెక్క బల్ల మీద కూర్చుంటే గూడెంలో దిగేసరికి నడుము మళ్ళీ మొదటికొచ్చేది కాబట్టి, బండిలో సీట్లు ఖాళీగా ఉన్నా తలుపు పక్కన నిలబడే వెళ్ళేవాణ్ణి. "కూర్చుంటే ఇస్త్రీ నలిగిపోద్దేంటండీ గుమాస్తాగారికి?" అని ఒకరు, "గార్డుగారికి సాయంగా ఉన్నార్లెండి" అని ఒకరు రోజూ ఏదో ఒకటి అనకపోతే వాళ్ళకి భీమడోలు దాటేది కాదు. మొదట్లో ఉక్రోషం వచ్చేది. తరవాత తరవాత వాళ్ళ మాటలు కూడా డైరీలో రాయడం మొదలుపెట్టాను. రాసేస్తే కోపం చల్లారేది.

మిల్లులో నా పని కొల్లేటి వైపు ఊళ్ళలో కళ్ళాలకి వెళ్ళి ధాన్యం చూసి రావడం. గూడెంలో బస్సెక్కి, దిగినచోట తెలిసినవారింట సైకిలు తీసుకుని గట్ల వెంట పోయేవాణ్ణి. బస్తాలో ఇనుప గొట్టం గుచ్చి గింజలు తీసి, అరచేతిలో నలిపి, ఒక గింజ పంటికింద కొరికితే చాలు, ఇంకా ఎంత ఆరాలో, నూక ఎంత పోతుందో చెప్పేవాణ్ణి. నా మాట మీద మిల్లువాళ్ళకీ రైతులకీ కూడా గురి ఉండేది. కూర్చునే అవసరం లేని పని. నాకోసమే పుట్టిన పని అనుకునేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్నే ఆఫీసు గదిలో నేల మీద కూర్చుని గోనెసంచుల మీద గుర్తులు వేస్తున్నాను. యజమానిగారు లోపలికొచ్చారు. ఆయన గుమ్మంలో అడుగుపెడితే గదిలో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడటం మా మిల్లులో ఆనవాయితీ. అందరూ లేచారు. నేను లేవబోయాను, నడుము రాలేదు. గోడ పట్టుకున్నా రాలేదు. అందరూ నిలబడిన గదిలో నేనొక్కణ్ణే కూర్చుని ఉన్నాను. యజమానిగారు నావైపు ఒక్కసారి చూసి తన గదిలోకి వెళ్ళిపోయారు. పెద్ద గుమాస్తాగారు మాత్రం ఊరుకోలేదు. "ఏమయ్యా, నేల అంటుకుపోయిందా?" అన్నారు. నడుం పట్టేసిందండీ అన్నాను. "నిన్న సాయంత్రం గట్టు మీద సైకిలు మీద పోతుంటే చూసినవాళ్ళున్నారు. నడుం రాత్రికి రాత్రి పట్టేసిందా, పొగరు పట్టిందా?" అన్నారు.

విషయం యజమానిగారి దాకా వెళ్ళింది. ఆయన కోప్పడతారనుకున్నాను, అలా చేసినా బాగుండేది. ఆయన జాలిపడ్డారు. "కుర్రాణ్ణి ఎండల్లో తిప్పకండయ్యా, నీడపట్టున కూర్చోబెట్టండి" అని, కళ్ళాల పని ఇంకొకరికి ఇప్పించి, నాకు టేబులూ కుర్చీ, ఆ కుర్చీలోకి తమ ఇంటినుంచి ఒక బూరుగుదూది దిండూ పంపించారు. మా అమ్మ సంతోషం పట్టలేక కొబ్బరికాయ కొట్టింది. అందరూ నా అదృష్టాన్ని మెచ్చుకున్నారు.

ఆ దిండు మీద మూడు నెలలు కూర్చున్నాను. డైరీ చూస్తే తెలుస్తుంది, చీలమండ అన్న మాట మొదటి పదిహేను రోజుల్లోనే మాయమైంది, రెండో నెలకి పిక్క కూడా పోయింది, మూడో నెలలో మోకాలు సైతం అందని రోజులున్నాయి. మధ్యాహ్నానికి వదలాల్సిన నడుము సాయంత్రానికి కూడా వదలడం మానేసింది. అటువంటప్పుడు పెద్ద గుమాస్తాగారు దగ్గరికొచ్చి, దాళ్వా, అంటే రెండో పంట కొనుగోళ్ళు అయిపోయాక ఈ టేబులుతో పని ఉండదనీ, ఎలాగూ ఒంట్లో బాగోలేదు కాబట్టి ఇంటిపట్టున ఉండి విశ్రాంతి తీసుకోవడం మంచిదనీ మెత్తగా చెప్పారు. ఉద్యోగం పోతుందన్నమాట, అదీ దయతో.

ఆ ఆదివారమే ఏలూరులో ఒక పెద్ద డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. నొప్పి ఎప్పుడు ఎక్కువ, ఎప్పుడు తక్కువ అని అడిగితే చెప్పకుండా నా డైరీ ఆయన చేతిలో పెట్టాను. ఆయన బయట ఉన్న రోగుల్ని మరిచిపోయి పేజీలు తిప్పారు. ఎక్స్‌రే తీయించి చూసి, ఇది వెన్నుపూసల కీళ్ళవాతం, పూర్తిగా పోయేది కాదు, దీనితో బతకడం నేర్చుకోవాలి అన్నారు. "ఇంతకీ మిమ్మల్ని కూర్చోమన్నది ఎవరండీ?" అని అడిగారు. అందరూనండీ అన్నాను. "మీరు మాత్రం కూర్చోకండి" అన్నారు. నా జన్మలో అంత తీయని మందుచీటీ చూడలేదు.

సోమవారం పొద్దున్న సరాసరి యజమానిగారి గదిలోకి వెళ్ళి, దిండు ఆయన టేబులు మీద పెట్టి, నా కళ్ళాలు నాకిప్పించండి అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. "నీ మీద దయ ఉండబట్టే కదయ్యా కూర్చోబెట్టింది" అన్నారు. "మీ దయ నా నడుముకి పడటం లేదండీ" అన్నాను. వెనకే వచ్చిన పెద్ద గుమాస్తాగారు, "రేపు ఏ గట్టు మీదో పడిపోతే మన పీకకి చుట్టుకుంటుందండీ" అన్నారు. అప్పుడు నాకు ఎక్కడలేని మొండితనం వచ్చింది. ఎవరూ వెళ్ళడానికి ఇష్టపడని లంక ఊళ్ళు ఒక్క వారం నాకివ్వండి, ఒక్క బస్తా తప్పు చూసినా, ఒక్కపూట మానేసినా నేనే మానుకుంటాను అన్నాను. ఇంకొక మాట కూడా అన్నాను, ఈ రోజుకీ నాకు ఆశ్చర్యమే. "తమరు వచ్చినప్పుడు నేను లేవకపోతే అది పొగరు కాదండీ. ఆ రోజు నా నమస్కారం కూర్చుని పెట్టిందే తీసుకోవాలి." ఆయన దిండు టేబులు మీంచి తీసి పక్కన పెట్టారు. "వెళ్ళిరా" అన్నారు.

మొదటి రెండు రోజులూ నరకమే, దాచడం ఎందుకు. మూడు నెలల తుప్పు ఒక్కరోజులో వదలదు కదా. మూడోనాటికి సైకిలు ఎక్కేటప్పుడు పళ్ళు బిగించడం మానాను. రైతులు నులకమంచం వాల్చి కూర్చోమనేవారు, నేను నిలబడే మజ్జిగ తాగేవాణ్ణి. "మా మంచానికి నల్లులు లేవండీ బాబూ" అని ఒకాయన నొచ్చుకుంటే, ఆయన భార్య, "ఆయన నిలువుకాళ్ళ గుమాస్తాగారంటండీ, ఊరుకోండి" అంది. ఆ పేరు కొల్లేటి చుట్టూ స్థిరపడిపోయింది. ఏడోరోజు పేజీలో పిక్క అని ఉంది. బస్తాల్లో ఒక్కటీ తప్పు రాలేదు. పదవీ విరమణ దాకా ఆ పని మళ్ళీ ఎవరూ నా నుంచి తీసుకోలేదు.

యజమానిగారు ఆ తరవాత నా నడుము గురించి ఎన్నడూ ఎత్తలేదు. కాని ఆఫీసు గదిలోకి వచ్చేముందు వరండాలో ఆగి గట్టిగా దగ్గడం మొదలుపెట్టారు. ఆయనకి దగ్గు జబ్బేమీ లేదు. లేవడానికి నాకు వ్యవధి ఇస్తున్నారని గ్రహించడానికి నెలపైన పట్టింది. ఆ దగ్గు వినిపించగానే నేను గోడ పట్టుకుని మెల్లగా లేచేవాణ్ణి, ఆయన లోపలికొచ్చేవారు. ఒక్కరోజు మాత్రం, ఒళ్ళు తేలిగ్గా ఉన్నా, కూర్చునే నమస్కారం పెట్టాను. ఇన్నేళ్ళుగా ఇది ఎవరికీ చెప్పలేదు. డైరీలో మాత్రం ఉంది: "చీలమండ. లేవగలను. లేవలేదు." ఆయన నమస్కారం అందుకుని నవ్వారు. తెలిసే నవ్వారని నా నమ్మకం.

ఇప్పుడు ఆ మిల్లు లేదు. మిషన్లే కోసి నూర్చేస్తున్నాయి, గింజ కొరికి చెప్పే మనిషితో పనిలేకుండా తేమ కొలిచే యంత్రం వచ్చింది. నా జబ్బుకి స్కానింగులు, మంచి ఇంజెక్షన్లు వచ్చాయి, ఈనాడు ఇరవై మూడో ఏట ఇది వచ్చినవాళ్ళకి నాలా నడుము నుంచి మెడదాకా బిగుసుకుపోనక్కర్లేదు. అది తలచుకుంటే నిజంగా సంతోషంగా ఉంటుంది. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే నేను మెడ తిప్పలేను, మనిషిని మొత్తంగా తిరగాలి. తెలియనివాళ్ళు ముసలాయనకి ఎంత పొగరో అనుకుంటారు. ఒకప్పుడైతే ఆపి మరీ వివరం చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పను, అనుకోనివ్వండి. మళ్ళీ చెప్పించుకోకుండా గుమ్మం బయట ఆగే మనిషి నాకు ఒకరుండేవారు, ఆయన పోయి చాలా కాలమైంది.