ఖాళీ కుర్చీ ముందు కూర్చునే కుక్క

2022 చలికాలం. హన్మకొండలో ఇంటింటికీ తిరిగి పెంపుడు కుక్కలకు ఒబీడియెన్స్, అంటే చెప్పిన మాట వినడం, నేర్పుతున్నాను. మనుషులకు నేర్పే ఓపిక నాకు ఏ కోశానా లేదు.

ఒకరోజు సుబేదారి నుంచి మహేందర్ ఫోన్ చేశాడు. వాళ్ళ నాన్న ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారి. ఆయన లాబ్రడార్ రాజాకు నేనే అన్నీ నేర్పాను. పెద్దాయన ఈ మధ్యే గుండెపోటుతో పోయారు.

"అన్నా, నేర్పింది జర మరిపియ్యాలె. పొద్దుగూకితే చాలు, నాయిన కుర్చీ ముందుకు పోయి కూసుంటాంది, పంటాంది, గాలిలకు చెయ్యి ఇస్తాంది. నా భార్య కడుపుతోని ఉన్నది, భయంతోని సస్తాంది. నీతోని కాకుంటే రేపే ధర్మసాగర్ల దోస్తు తోటకు పంపిస్త."

దీపాలు పెట్టే వేళకు వెళ్ళాను. మహేందర్ గొలుసు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. కోడలు గోడకు అతుక్కుని నిలబడింది. రాజా వచ్చి ఖాళీ వాలుకుర్చీ ముందు ఆగింది. కూర్చుంది. కూర్చోమని ఎవరూ చెప్పలేదు.

"దాన్ని పంపకు కొడుకా," అంది వంటింటి గడపలో కూర్చున్న మహేందర్ తల్లి. "ఆయన పిలుస్తాండు, అది పోతాంది. అది లేకుంటే ఆయన ఎవరితోని మాట్లాడుతడు?"

మా పనిలో కుక్క మూతి కాదు, చూపు ఎటుందో పట్టుకోవాలి. రాజా మూతి కుర్చీవైపు ఉంది, కళ్ళు ఓరగా గడపవైపు ఉన్నాయి. అటు చూశాను. ఆ పెద్దమ్మ కుర్చీనే చూస్తోంది. ఒళ్ళో ఉన్న కుడిచెయ్యి మెల్లగా బోర్లా తిరిగి కిందికి దిగింది. రాజా పడుకుంది.

అది నేను పెద్దాయనకు నేర్పిన హ్యాండ్ సిగ్నల్. మాట లేకుండా చేత్తో చెప్పే ఆజ్ఞ అన్నమాట. నన్ను వణికించింది అది కాదు. బస్తాల కొక్కెం గుచ్చుకున్నప్పటి నుంచి పెద్దాయన చిటికెన వేలు వంగేది కాదు. ఆమె వేలూ అలాగే బిర్రుగా నిలబడి ఉంది.

"పెద్దమ్మా, నీ చెయ్యే చెప్తాంది దానికి."

ఆమె తన చేతిని పరాయి మనిషిని చూసినట్టు చూసుకుంది. "నాకేం తెల్వది బిడ్డా. కూరగాయలు కోసుకుంట ఈడ కూసొని ఆయన్ని చూసేదాన్ని, గంతే."

రాజాను లేపి కూర్చోబెట్టాను. "మళ్ళొక్కసారి చెయ్యి."

తెలిసి చేసింది. వేళ్ళన్నీ మామూలుగానే వంగాయి. రాజా తోక ఊపింది గానీ కదల్లేదు. ఎన్నిసార్లు చేసినా అంతే. ఆమె విసిగి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ కుర్చీవైపు తిరిగింది. ఒళ్ళో అరచెయ్యి దానంతటదే వెల్లకిలా తెరుచుకుంది, చిటికెన వేలు బిర్రుగా. రాజా ముందరికాలు చాపింది.

కోడలు కెవ్వుమంటుందనుకున్నాను. ఆ అమ్మాయి వచ్చి అత్త పక్కన కూలబడింది. "అత్తమ్మా, మామయ్య యాడికి పోలే," అని ఏడుస్తూ ఆ చేతిని తన కడుపు మీద పెట్టుకుంది. మహేందర్ గొలుసు మేకుకు తగిలించేశాడు.

నేర్పేటప్పుడు నేను పెద్దాయననూ, కుక్కనూ మాత్రమే చూశాను. గడపలో ఇంకొకరు నేర్చుకుంటున్నారని నాకు తట్టలేదు. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా, పక్కన ఊరికే కూర్చున్నవాళ్ళ చేతులు ముందు చూస్తాను. మా నాన్న పోయి చాలా ఏళ్ళయింది. నా చేతులను మాత్రం చూసుకోను. భయం.