పురుగప్ప పురుగూ, నా కుళ్ళూ

ఆ రోజుల్లో, అంటే మదనపల్లెలో టెలిఫోను బూత్‌ల ముందు జనం వరుస కట్టిన తొంభైల చివర్లో, పరిశోధన చేస్తున్నానని ఎవరికైనా చెబితే "సరేప్పా, మరి ఉద్యోగం ఎప్పుడు?" అని అడిగేవాళ్ళు. దేని మీద పరిశోధన అని అడిగినవాళ్ళు తక్కువ. అడిగినవాళ్ళకు కాఫీ మొక్కలకు వచ్చే తెగుళ్ళ మీద అని చెబితే, మన పక్క కాఫీ యాడుండాది అని ఎదురు ప్రశ్న వేసేవాళ్ళు. కర్ణాటక కొండల్లో కాఫీ తోట ఉన్న ఒక పెద్దమనిషి మా గైడు సారుకు తెలుసు కాబట్టి, ఆయన పంపే జబ్బు ఆకులు ఊరికే వస్తాయి కాబట్టి నాకు కాఫీ దక్కింది. ఇంత మామూలు కారణంతో మొదలైన నా చదువు చివరకు నన్ను ఎంతటి కుళ్ళుబోతుగా తయారుచేసిందో ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు, కడుపు మండింది.

మా సారు దగ్గర మేమిద్దరమే శిష్యులం. నాది పుంగనూరు, రెండోవాడిది కుప్పం. కాఫీ ఆకుల అడుగున నారింజ రంగు పొడిలా కనిపించే తుప్పు తెగులు నా వంతు, సముద్రపు బురదలో బతికే నులిపురుగులు వాడి వంతు. మదనపల్లెకు సముద్రం ఎంత దూరమో మీకు తెలుసు. కానీ కుప్పంలో రైలెక్కితే నేరుగా మద్రాసులో దిగొచ్చు కదా, నెలకొకసారి వెళ్ళి, చేపలవాళ్ళను బతిమాలి, వాళ్ళమ్మ ఊరగాయ జాడీల నిండా బురద నింపుకుని వచ్చేవాడు. (ఆ జాడీలు మళ్ళీ ఊరగాయకు వెళ్ళాయా లేదా అన్నది నేనెప్పుడూ అడగలేదు. వాళ్ళింట్లో రెండుసార్లు భోంచేశాను.) వాడికి పురుగప్ప అని పేరు పెట్టింది నేనే. వాడు ఏమాత్రం నొచ్చుకోకుండా నన్ను తుప్పప్పా అని పిలవడం మొదలుపెట్టాడు. నేను మాత్రం నొచ్చుకున్నాను.

మా ల్యాబులో మంచి మైక్రోస్కోపు ఒకటే. దాని పక్కన గోడకు ఒక పలక తగిలించి, ఎవరికి ఎప్పుడు కావాలో దాని మీద రాసుకోండని సారు చెప్పారు. మొదట్లో పొద్దున నేను, మధ్యాహ్నం వాడు. తర్వాత్తర్వాత పలకంతా వాడే. ఎందుకంటే నాకు చూడటానికి ఏమీ ఉండేది కాదు. పుంగనూరులో మా ఇంటి వెనక, ఆవుల కొట్టం పక్కన నీడలో నలభై కాఫీ మొక్కలు పెంచి, కొండల నుంచి వచ్చిన తుప్పు పొడిని బొచ్చు కుంచెతో వాటి ఆకులకు పూసేవాణ్ణి. వారం తర్వాత వెళ్ళి చూస్తే ఆకులు నిగనిగలాడుతూ ఉండేవి. మళ్ళీ పూసేవాణ్ణి, మళ్ళీ నిగనిగ. మూడు నెలలు ఇదే వరస. చివరికి ఒక రోజు చెప్పకుండా ఇంటికి వెళ్తే, మా అమ్మ చెంబుతో పుల్లటి మజ్జిగ తెచ్చి ఒక్కో ఆకుకూ చల్లుతోంది.

"ఏందమ్మా ఈ పని?" అని అరిచాను.

"ఆకులకి ఏందో దుమ్ము పట్టినాది కదప్పా. మీ తాత మిరప చెట్లకి ఇదే కొట్టేవాడు. సూడు, ఎంత పచ్చగా ఉండాయో!"

ఆ దుమ్మే నా చదువు అని, ఆ జబ్బు వస్తేనే నాకు డిగ్రీ వస్తుందని వివరించాను. అమ్మ చెంబు కింద పెట్టింది. "పచ్చగా ఉండే చెట్టుకు రోగం రావాలని కోరుకునే సదువు, అదేం సదువప్పా?" అంది. మజ్జిగ చల్లడం మానేస్తానని మాటిచ్చింది కానీ, నా వీపు తిరగ్గానే చల్లుతూనే ఉందని నా అనుమానం.

సరిగ్గా ఆ వారమే పురుగప్పకు కొత్త పురుగు దొరికింది. నేను దిగులుగా ల్యాబులోకి అడుగు పెట్టేసరికి సారు కుర్చీలోంచి లేచి నిలబడి మైక్రోస్కోపులోకి చూస్తున్నారు. (నా ఆకులను ఆయన కూర్చునే చూసేవారు.) "ఇలాంటి తోక ఏ పుస్తకంలోనూ లేదయ్యా" అంటున్నారు. నన్నూ చూడమన్నారు. గాజు పలక మీద కంటికి నలుసులా కూడా ఆనని ఆ ప్రాణి, అద్దంలోంచి చూస్తే వెండి తీగలా ఒంపు తిరిగి పడుకుని ఉంది. చాలా అందంగా ఉంది. నాకు ఏడుపొచ్చింది. వీడికి లోకంలో ఎవరూ చూడని పురుగు దొరికింది, నాకు లోకమంతా చూసేసిన పాత జబ్బు కూడా రానంటోంది. ఆ తర్వాత జిల్లా పేపర్లో వాడి ఫోటో పడింది. ఊరికి పోయే సోమల బస్సులో పక్క సీటాయన ఆ పేపరు నా ముఖం ముందే మడిచి, "సూడప్పా, మన కుప్పం పిల్లోడు సముద్రంలో పురుగు కనిపెట్టినాడంట. నువ్వేం చేస్తాండావు?" అని అడిగాడు. నేను నిద్ర నటించాను.

అప్పుడు నేను చేసిన పని నాలాంటివాడే చేస్తాడు. పురుగు కొత్తదని ప్రకటించాలంటే దాని చుట్టాలన్నిటి వర్ణనలూ చదివి, అవేవీ ఇది కాదని తేల్చాలి. పురుగప్ప బొమ్మలు చూసి తేల్చేశాడు. పాత వ్యాసాల జిరాక్సు కట్టలు బీరువాలో దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. వాటిలో ఎక్కడో ఒక చోట ఈ పురుగును ఎవడో తెల్లవాడు ఎప్పుడో వర్ణించి ఉంటాడు, నేను దాన్ని పట్టుకుంటాను, మా సారు ముందు మెల్లిగా పరుస్తాను, పురుగప్ప మొహం వాడిపోతుంది, నేను "అయ్యో" అంటాను. ఆ "అయ్యో" ఎలా అనాలో కూడా అద్దం ముందు అభ్యాసం చేశాను. రెండు వందల పేజీల నోటు పుస్తకం కొన్నాను. జర్మను వ్యాసాలుంటే డిక్షనరీ పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కున్నాను. తోక పొడవు, నోటిలో పళ్ళు, మగదాని కొక్కెం వంపు, ఒక్కోదానికి ఒక్కో గడి గీసి నింపాను. మధ్యాహ్నాలన్నీ దానికే పోయాయి. కాఫీ మీద ఆ శ్రద్ధలో పావు వంతు పెట్టి ఉంటే ఈపాటికి ఎక్కడ ఉండేవాణ్ణో! "ఏం చదువుతాండావప్పా అంత ఇదిగా?" అని పురుగప్ప అడిగితే "తుప్పు" అని చెప్పేవాణ్ణి.

నాలుగు నెలలకు నోటు పుస్తకం నిండింది. పురుగు మాత్రం కొత్తదే. ముప్పై ఏడు చుట్టాల్లో ఒక్కటీ ఇది కాదు. పైగా వాడు గమనించని ఒక చిన్న పన్నును కూడా నేనే గమనించాను. అది కొత్తదని నాకన్నా గట్టిగా తెలిసినవాడు ఈ ప్రపంచంలో లేడు, ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేను. ఇంతకన్నా దరిద్రం ఉంటుందా?

అంతలో పురుగప్ప తన వ్యాసం పంపిన సైన్సు పత్రికవాళ్ళ నుంచి ఉత్తరం వచ్చింది. ఈ పురుగును తెలిసిన చుట్టాలన్నిటితో పోలుస్తూ పట్టిక పంపాలి, గడువులోగా రాకపోతే వ్యాసం తీసుకోము అని సారాంశం. ఉత్తరం ఎక్కడెక్కడో తిరిగి మా చేతికి వచ్చేసరికి గడువు పన్నెండు రోజులే మిగిలింది. పురుగప్ప కుప్పంలో ఉన్నాడు. వాళ్ళది పట్టుపురుగులు పెంచే ఇల్లు, పురుగులు గూడు కట్టబోయే ముందు రోజులు, ఆకు కోసి వేసేవాళ్ళు దొరక్క ఇంటిల్లిపాదీ అందులోనే ఉన్నారు. "పట్టిక నాలుగు నెలల పని, పన్నెండు రోజుల్లో ఎవరు చేస్తారు?" అని సారు తల పట్టుకున్నారు. నా సంచిలో నోటు పుస్తకం ఉంది. నేను నోరు విప్పలేదు. రెండు రోజులు విప్పలేదు. మూడో రోజు, ఉత్తరం సంగతి నేనే స్వయంగా చెప్పి వస్తానని సారుకు చెప్పి కుప్పం బస్సెక్కాను. (వాడి మొహం వాడిపోవడం దగ్గరుండి చూడాలని వెళ్ళాను. ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు.)

వాళ్ళింట్లో అడుగు పెట్టగానే వాన పడుతున్నట్టు చప్పుడు. వేల పట్టుపురుగులు తట్టల్లో ఆకు తింటున్న చప్పుడు అది. పురుగప్ప మల్బరీ మోపు దించి, ఉత్తరం చదివి, చేతికంటిన ఆకు పసరు పంచెకు తుడుచుకున్నాడు. నేను వాడి మొహం మీదే కళ్ళు పెట్టి కూర్చున్నాను.

"పోతే పోనీలే అప్పా" అన్నాడు. "పురుగు యాడికి పోతాది? సముద్రంలోనే ఉంటాది కదా. నేను కాకుంటే ఇంకొకరు చెప్తారు. నువ్వు ముందు సంగటి తిను, అంత దూరం నుంచి వచ్చినావు."

నాకు ఒళ్ళు మండిపోయింది. దేనికోసం నేను నాలుగు నెలలు నిద్ర పాడుచేసుకున్నానో, దాన్ని వీడు ఇంత తేలిగ్గా వదిలేస్తాడా? నేను పట్టుకోలేనిదాన్ని వదిలేయడం కూడా వీడికే చేతనవుతుందా? ఆ కోపంలో, దయతో కాదు, ముమ్మాటికీ ఆ కోపంలోనే, సంచిలోంచి నోటు పుస్తకం తీసి వాడి ఒడిలో పడేశాను. "పట్టిక ఉంది, కాపీ చేసి పంపు" అన్నాను. వాడు మధ్యలో నాలుగు పేజీలు తిప్పి తలెత్తాడు. కళ్ళనిండా నీళ్ళు. "ఇదంతా నా కోసమా తుప్పప్పా?" అన్నాడు. బస్సుకు వేళయిందని చెప్పి సంగటి కూడా పూర్తి చేయకుండా బయటపడ్డాను.

వ్యాసం అచ్చయింది. కనిపెట్టినవాడు తన పేరు తనే పెట్టుకోకూడదన్నది ఆ శాస్త్రంలో మర్యాదట, సారు చెప్పారు. అందుకని పురుగప్ప దానికి నా ఇంటిపేరు పెట్టాడు, వెనక ఒక లాటిన్ తోకతో సహా. పుంగనూరంతా పాకిపోయింది. పెళ్ళిచూపులకు పోతే "పురుక్కు ఈయప్ప పేరే పెట్టినారంట" అని లోపలి గదిలో గుసగుసలు. పురుగప్ప మా ఇంటికి వచ్చినప్పుడు అమ్మ వాడిని గుమ్మంలోనే నిలదీసింది. "నా కొడుకు నీకేం ద్రోహం సేసినాడప్పా, పోయి పోయి పురుక్కా పేరు పెట్టేది?"

"మంచి పురుగమ్మా. బురదలో ఒక్కటే ఉంటాది, ఎవరి జోలికీ పోదు" అన్నాడు వాడు.

"మావాడు అట్లాంటోడు కాదే" అంది అమ్మ. నేను పెరట్లోకి వెళ్ళిపోయాను.

మొక్కల్ని మదనపల్లె తెచ్చి తడిగోతాలు కప్పాక నా కాఫీకి తుప్పు పట్టింది, నాకు డిగ్రీ కూడా వచ్చింది. ఆ తర్వాత టమోటా రైతులకు తెగుళ్ళ మందులు చెబుతూ మదనపల్లెలోనే ఉండిపోయాను. పురుగప్ప సముద్రం ఒడ్డున ఉద్యోగం చూసుకున్నాడు. కొన్నేళ్ళ తర్వాత బీరువా సర్దుకుంటూ నా నోటు పుస్తకం పార్శిల్లో తిప్పి పంపాడు. కుప్పంలో ఆ రోజు తొందరలో నేను మరిచిపోయిన సంగతి ఒకటుంది. ఆ పుస్తకం మొదటి పేజీలో, ఎర్ర ఇంకుతో, రెండుసార్లు కింద గీత గీసి, నేనే రాసుకున్నాను: "ఈ పురుగు కొత్తది కాదు. రుజువు చేసి వీడి పొగరు దించాలి."

పేజీ తెరిచేసరికి చెవులు వేడెక్కాయి. అన్నేళ్ళూ అది వాడి దగ్గరే ఉంది. పురుగుకు నా పేరు పెట్టకముందు నుంచీ ఉంది. నా ఎర్ర అక్షరాల కింద పెన్సిలుతో, వెలిసిపోయిన వాడి రాత:

"రుజువు కాలేదు. థాంక్స్ అప్పా."

ఆ పేజీ పట్టుకుని నవ్వాను, కాస్త కళ్ళు తుడుచుకుంటూ. ఆ ఎర్ర ఇంకు కుర్రవాణ్ణి దగ్గరకు పిలిచి ఒక్కటి తగిలించి, ఆ తర్వాత సంగటి పెట్టాలనిపించింది. ఇంత తెలిసొచ్చాక కూడా, మనసులో మాట దాచకుండా చెబుతున్నాను, వాడి చేతిరాత నా రాతకన్నా గుండ్రంగా ఉందని ఒక్క క్షణం కుళ్ళుకున్నాను.